అనంతగిరి మూగబోయిందని చెప్పినవాణ్ణి

మా ప్రెస్సు అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనకాల ఒక ఇరుకు సందులో ఉంది. పెళ్ళి పత్రికలు, బిల్లు బుక్కులు, ఎలక్షన్లొస్తే కరపత్రాలు అచ్చు వేస్తాం. ఇల్లు నాంపల్లిలో, స్టేషనుకు నడిచి వెళ్ళేంత దగ్గర. మా నాన్న హయాం నుంచీ అదే ప్రెస్సు, అదే ఇల్లు. నా బతుకులో కొత్తగా వచ్చి చేరింది ఏదైనా ఉందంటే పిట్టల పిచ్చి ఒక్కటే.

అది ఎలా పట్టుకుందో చెప్పడం కష్టం. పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం నేనూ మా ఆవిడా ఏమీ తోచక నాంపల్లిలో తాండూరు వైపు వెళ్ళే పొద్దుటి బండెక్కి వికారాబాదులో దిగాం. ఆటోలో అనంతగిరి గుట్ట ఎక్కాం. పులిహోర తిని చెట్టు కింద పడుకుంటే పైనుంచి ఏదో పిట్ట ఒకటే పనిగా పిలుస్తోంది. అది ఏం పిట్టో తెలుసుకోవాలనిపించింది. అంతే. ఆ తర్వాత నెలకు రెండు ఆదివారాలు గుట్ట మీదే గడిచేవి. మిగతా ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో పిట్టల బొమ్మలున్నవి ఏరుకునేవాణ్ణి.

నాకు బైనాక్యులర్స్ అలవాటు కాలేదు. పిట్టను నేను చెవితో వెతికేవాణ్ణి. ముందు గొంతు, తర్వాత కొమ్మ, ఆ తర్వాత పిట్ట. కంసాలి పిట్ట టుంక్ టుంక్ మన్నా, తేనెపిట్ట సన్నగా కీచుమన్నా, కళ్ళు మూసుకుని ఏ దిక్కో చెప్పేవాణ్ణి. మా పక్కవాటాలో ఉండే తమ్ముడు (వరసకు తమ్ముడే, నాంపల్లి కోర్టులో పని చేస్తాడు) కొన్నాళ్ళకు మాతో రావడం మొదలుపెట్టాడు. ఆయన నలుగురికీ చెప్పాడు. అలా మా గల్లీలో నాకు పిట్టల సారు అని పేరు పడింది. ఆ పేరు నాకు ఎంత ఇష్టమో పైకి కనపడనిచ్చేవాణ్ణి కాదు.

గత కొన్నేళ్ళుగా గుట్ట మీద పిట్టలు తగ్గిపోతున్నాయని నాకు అనిపిస్తూ వచ్చింది. ముందు తేనెపిట్టలు పోయాయి. తర్వాత చెట్ల చిగుళ్ళలో గుంపులుగా తిరిగే చిన్న చిన్న పిట్టలు. కాకులు, కోకిలలు, నెమళ్ళు మాత్రం మిగిలాయి. నేను ఆగి చెవి పెట్టి వినేవాణ్ణి. ఆకుల గలగల కూడా మునుపటిలా లేదు. గుట్ట మీద రిసార్టులు లేచాయి, సెల్ టవర్లు లేచాయి, ఆదివారమైతే కార్ల బారు. కారణాలకు కొదవేముంది? నాకు దుఃఖం వచ్చేది. ఆ దుఃఖం నిజమైనదే, అది మాత్రం అబద్ధం కాదు.

ఆ దుఃఖంతో ఒక కరపత్రం రాసి నా ప్రెస్సులోనే అచ్చు వేశాను. ఖాళీ కొమ్మ బొమ్మ పెట్టి, పైన పెద్ద అక్షరాలతో ‘అనంతగిరి మూగబోయింది’ అని. పెళ్ళి పత్రికలు తీసుకెళ్ళేవాళ్ళ చేతిలో ఒకటి పెట్టేవాణ్ణి. ఆదివారం అబిడ్స్‌లో పుస్తకాలు చూసేవాళ్ళకు పంచేవాణ్ణి. మా గల్లీలో కమ్యూనిటీ హాలులో నన్ను మాట్లాడమంటే అరగంటకు పైగా మాట్లాడాను. చిన్న గొంతులు ముందు పోతాయి, మనం గమనించం, అన్నాను. ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. చప్పట్లు కొట్టారు. మా ఆవిడ ముందు వరసలో కూర్చుని తల వంచుకుని చీర కొంగు అంచు సర్దుకుంటూ ఉంది. ఆమెకూ బాధ కలిగిందనుకున్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. గుట్ట మలుపులో ఒక మొగుడూ పెళ్ళాం చాయ్ బండి పెట్టుకున్నారు. చెట్టు కొమ్మకు చిన్న స్పీకరు కట్టి పాత పాటలు పెట్టేవాళ్ళు. బండ్ల మీద వచ్చే కుర్రకారు ఆ పాటల కోసమే అక్కడ ఆగేవాళ్ళు. మేమూ ఎన్నోసార్లు అక్కడే చాయ్ తాగాం. గత చలికాలం ఒక ఆదివారం నేను తిన్నగా వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను.

"మీ పాటల లొల్లికి గుట్ట మీద ఒక్క పిట్ట లేకుంట పోయింది. తెలుస్తుందా మీకు?"

ఆయన గ్లాసులు కడుగుతున్నవాడు లేచి నిలబడ్డాడు. "గంత పెద్దగ ఏం పెడ్తలేం సారూ. జర తక్కువ చేస్త."

"తక్కువ చేసుడు కాదు. తీసెయ్యాలె."

కార్లలో వచ్చినవాళ్ళు చుట్టూ చేరారు. సారు కరెక్టే చెప్తున్నరు అని ఒకరన్నారు. ఒకతను ఫోన్ తీసి వీడియో పట్టాడు. అంతమంది నా వైపు ఉండేసరికి నా గొంతు ఇంకా లేచింది. మీలాంటోళ్ళ వల్లనే అడవి నాశనమైతున్నది అన్నాను. చాయ్ ఆయన స్టూలెక్కి స్పీకరు విప్పాడు. ఆయన భార్య దాన్ని అందుకుని కొంగులో పెట్టుకుని పక్కకు జరిగింది. నేను గెలిచినట్టు గుట్ట ఎక్కాను.

ఆ తర్వాత రెండుసార్లు వెళ్ళినప్పుడు ఆ బండి దగ్గర జనం పల్చబడ్డారు. అదీ చూశాను. పట్టించుకోలేదు.

మోదుగలు పూసే రోజుల్లో మా తమ్ముడి చెల్లెలు వరంగల్ నుంచి వచ్చి ఆయన దగ్గర ఉంటోంది. లెక్కల టీచరు, ఇక్కడే బడిలో చేరింది. మనసులో ఏముంటే అది పైకి అనేసే మనిషి. ఒక ఆదివారం ఆమెనూ వెంట తీసుకెళ్ళాం. దారి పొడుగునా నేను నా కరపత్రంలోని మాటలే చెప్తూ నడిచాను. ఒకప్పుడు ఇక్కడ తేనెపిట్టల గొంతు వినపడని అడుగు లేదమ్మా, ఇప్పుడు చూడు, ఎట్ల ఉన్నదో, అన్నాను.

ఆమె ఆగిపోయింది. "గదేంది అన్నా, గింత గనం అరుస్తుంటే లేవంటవు? నా చెవులు గింగురుమంటున్నయి. అగో, గా పూల మీదనే."

తలెత్తి చూశాను. ఆకులన్నీ రాలి చెట్టంతా ఎర్రగా పూసింది. ఒక పువ్వు మీద నల్లగా మెరుస్తూ తేనెపిట్ట. దాని పక్కన ఇంకోటి. ఇంకా పైన మరికొన్ని. దగ్గరి పిట్ట ముక్కు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. దాని గొంతు కింద ఈకలు వణకడం కూడా నాకు కనపడింది. కానీ చప్పుడు లేదు. అద్దం అవతల పిట్టను చూసినట్టుంది.

"అరుస్తలేవమ్మా," అన్నాను. "ఊకె నోరు తెరుస్తున్నయి."

ఆమె నేను పరాచికమాడుతున్నాననుకుని నవ్వింది. నవ్వి, "ఏందన్నా నువ్వు..." అనబోయింది. అప్పుడు నేను మా తమ్ముణ్ణి చూశాను. ఆయన నా వెనక నుంచి చెల్లెలికి కళ్ళతో సైగ చేస్తున్నాడు, ఊరుకో అని. మా ఆవిడ అప్పుడే ఆమె చెయ్యి పట్టుకుని నొక్కింది.

వాళ్ళిద్దరికీ తెలుసు. చాన్నాళ్ళుగా తెలుసు. నేను ఏ చెట్టు కింద నిలబడి పిట్టలు పోయాయని ఏడుపు గొంతుతో చెప్పానో, అదే చెట్టు మీద పిట్టల గోల వింటూ వాళ్ళు నా మాటకు తలూపుతూ నిలబడ్డారు. చెప్పులోంచి రాయి తీసుకుంటున్నట్టు కిందికి వంగాను. ఎంతసేపు అలా వంగి ఉండాలో తెలియలేదు.

ఆ రోజు తొందరగా దిగిపోయాం. ఇంటికొచ్చి తలుపేశాక మా ఆవిడను అడిగాను, ఎప్పటి నుంచి తెలుసని.

"మీ పక్కన ఫోన్ మోగుతుంటే పేపర్ చదువుకుంట కూసుంటరు. నాకు తెల్వదా?"

"మరి చెప్పలేదేం?"

"ఒకసారి చెప్పిన. రెండు రోజులు నాతోని మాట్లాడలే మీరు. మల్ల చెప్పబుద్ధి కాలే."

"హాల్ల గంత మంది ముందల మాట్లాడుతుంటె ఊకున్నవు."

ఆమె నా వైపు తిరిగి, నాకు వినపడేలా నిదానంగా చెప్పింది. "గంత మంది ముందల ఏమని లేవాలె నేను? మా ఆయనకు చెవులు వినపడవు, పిట్టలు మంచిగనే ఉన్నయి అనాల్నా?"

హాలులో కళ్ళు తుడుచుకున్న పెద్దాయన గుర్తొచ్చాడు.

అబిడ్స్‌లోనే చెవుల పరీక్ష చేసేచోటికి వెళ్ళాం. తెలిసినవాళ్ళు చూస్తారేమోనని మెట్లెక్కే ముందు అటూ ఇటూ చూశాను. చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. మొదట్లో నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. అద్దం అవతల ఉన్న అమ్మాయి ఏదో సర్దుకుంటోందనుకుని ఓపికగా కూర్చున్నాను. ఆమె తలుపు తీసింది.

"మిగతాది ఎప్పుడు పెడ్తరమ్మా?" అన్నాను.

"అయిపోయింది సార్," అంది.

డాక్టరు కాగితం మీద గీత చూపించాడు. సగం దాకా బాగానే నడిచి అక్కణ్ణించి కిందికి జారిపోయింది. మిషన్ల దగ్గర పని చేస్తారా అని అడిగాడు. ముప్పై ఏళ్ళకు పైగా అన్నాను. సన్న చప్పుళ్ళు ముందు పోతాయి, మనకు తెలియదు, అన్నాడు. దాదాపు నేను హాలులో అన్న మాటలే. మా ఆవిడ కిటికీ వైపు చూసింది. వినికిడి మిషన్లు పెట్టుకోవాలన్నాడు, రెండు చెవులకూ.

పెట్టుకున్న మొదటి రోజు ప్రెస్సు చప్పుడుకు తల పగిలిపోయింది. ఇంట్లో పళ్ళెం కింద పెడితే ఉలిక్కిపడ్డాను. అన్నిటికన్నా నన్ను కుంగదీసింది మా ఆవిడ గొంతు. ఆమె నాతో మాట్లాడేది మాట్లాడినట్టు కాదు, అరిచినట్టు. గొంతు నరాలు తేలేలా అరుస్తోంది. ఎందుకట్ల అరుస్తున్నవని అడిగాను. అలవాటైపోయిందంది. ఎన్నేళ్ళుగా ఆమె ఇలా మాట్లాడుతోందో! ఆమెకు గట్టిగా మాట్లాడే రోగమని నేను చుట్టాల ముందు నవ్వేవాణ్ణి కూడా.

తర్వాతి ఆదివారం గుట్టకు మేమిద్దరమే వెళ్ళాం. చాయ్ బండి దగ్గర ఆటో దిగాను. నన్ను చూసి ఆయన తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. మళ్ళీ ఏం తప్పు పట్టడానికి వచ్చాడోనన్నట్టు ఉంది ముఖం. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే వచ్చాను. తీరా అక్కడ నిలబడ్డాక చెవి పక్కకు వేలు చూపించాను.

"నాకే వినపడ్తలేకుండె," అన్నాను. "పిట్టలు యాడికి పోలేదు. తప్పు నాది. మీ స్పీకర్ మల్ల కట్టుకోన్రి."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. ఆయన భార్యకు అయింది. చాయ్ వడగడుతూనే అంది, "పొద్దుగాల మమ్ముల లేపేదే గవి సారూ. గాడ లేవు అని మీరు గట్టిగ అంటుంటే, సదువుకున్నోళ్ళు, ఇంకేవో పెద్ద పిట్టల ముచ్చట చెప్తున్నరేమో అనుకున్నం."

"నాకు గప్పుడే చెప్పకపోతిరి," అన్నాను.

"గంత మందిల మీ ఎదురుంగ ఎట్ల చెప్తం సారూ?" అన్నాడాయన.

ఆ మాట కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంత తేలికయ్యేది. స్పీకరు ఏదని అడిగాను. మా ఊరి పిల్లగాడెవరో ఎత్తుకపోయిండు అని ఆమె అంటే, కాదు, చినుకుల్లో తడిసి పాడైందని ఆయన సవరించాడు. కొత్తది తెచ్చిస్తానన్నాను. వద్దన్నారు. ఇప్పుడు గిట్లనే అలవాటైంది, ఏం ఫికర్ చెయ్యకున్రి, అన్నాడు. చాయ్ ఇచ్చారు. తాగాను. మలుపు దాటాక, చెట్ల మీద సన్న గొంతులు ఒక్కసారిగా మీద పడ్డాయి. ఎన్నో. సంతోషం కలగాల్సింది. కలిగింది కూడా కొంత. కానీ ప్రతి కూత వెనకాలా స్టూలెక్కి తాడు ముడి విప్పుతున్న ఆ మనిషి చేతులే కనిపించాయి. ఎక్కువసేపు ఉండలేకపోయాను.

కరపత్రాలు మిగిలినవి చించేశాను గానీ పంచినవి పంచినట్టే ఉన్నాయి. ఈమధ్య మొజంజాహీ మార్కెట్ దగ్గర ఒకాయన ఆపి, సార్, మీరన్నది నిజం, మేం పోయినప్పుడు కూడ ఒక్క పిట్ట అరవలేదు, అన్నాడు. కాదండీ, ఉన్నాయి అని చెప్పబోయాను. అప్పుడెందుకట్ల అన్నారని అడిగితే నా చెవుల సంగతి చెప్పాల్సి వస్తుంది. తలూపి పళ్ళ దుకాణం వైపు తిరిగిపోయాను.

ఇప్పటికీ గుట్టకు వెళ్తున్నాం. ముందు లెక్కల టీచరమ్మ నడుస్తుంది, నేను వెనక. ఏదైనా కూత వినపడితే ఇదేంది అన్నా అని అడుగుతుంది, పేరు చెప్తాను. అంతకు మించి మాట్లాడటం మానేశాను.

పోయిన ఆదివారం తిరుగు బండిలో ఎదురుగా కూర్చున్న కుర్రవాడు నా చెవి వైపు చూసి, "మంచిగున్నది అంకుల్, బ్లూటూతా?" అని అడిగాడు.

"ఔ," అన్నాను.

"ఏం కంపెనీది?"

ఏదో పేరు చెప్పాను. మా ఆవిడ నా పక్కనే ఉంది. లింగంపల్లి దాటేదాకా ఆమె వైపు తిరగలేదు నేను.