పాత ఇబ్రిలో మా పుంటికూర మడి

2014 నవంబరు 7, శుక్రవారం, పగలు పదకొండున్నర. ఒమాన్‌లోని ఇబ్రిలో మనుషులు ఏనాడో ఖాళీ చేసిన మట్టి ఇళ్ళ నడుమ, కప్పు కూలిన ఒక ఇంటి వాకిట్లో మామ, నేను పుంటికూర (కోస్తావారు గోంగూర అంటారు) విత్తనాలు చల్లాం. ఆ రోజుల్లో నేను కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్‌కీపర్ని. జీతం నూట ఇరవై రియాళ్ళు. పొదుపు చేయగలిగింది తిండిలోనే, మిగిలిన ఖర్చులన్నీ దైవాధీనాలని నా సిద్ధాంతం. అల్ మవాలే కూరగాయల మార్కెట్టు నుంచి వారానికోసారి వచ్చే పుంటికూర కట్ట నాలుగు వందల బైసాలు (వెయ్యి బైసాలైతే ఒక రియాలు). అందులో సగం దారిలోనే వాడిపోయేది. "అల్లుడా, గీ పైసలకు మనూర్ల గంపెడు వస్తది" అని మామ నిట్టూర్చేవాడు. (మా ఊరి మేస్త్రీ, వరసకు మామ. పిల్లనిచ్చిన మామ కాదు; ఆ విషయంలో ఆయన జాగ్రత్తపడ్డాడు.) విత్తనాలు ఆయనవి, లెక్క నాది.

మాకు సెలవు శుక్రవారం ఒక్కటే. వారానికి ఒక బకెట్టు నీళ్ళతో ఆ మొలకలు మాడిపోవలసింది. మాడలేదు. మేం వెళ్ళిన ప్రతిసారీ మడి తడిగా ఉండేది. వాన లేదు, ఊరి కాలువ అంత దూరం పారదు. మేకలు రాకుండా అడ్డం పెట్టిన ఖర్జూరపు మట్ట పెట్టినచోటే ఉండేది. తడిమట్టిలో మా చెప్పుల గుర్తులు తప్ప మరో అడుగు లేదు. ఆ గోడల మధ్య ఎవరైనా దగ్గితే, ఆ దగ్గు కాస్త ఆలస్యంగా, వెనకనుంచి వినిపించేది.

"ఎవరో మంచోళ్ళే పోస్తున్నరు తియ్యి" అన్నాడు మామ, గొంతు తగ్గించి.

మా రూమ్‌లోనే ఉండే కడప భాయ్ మాత్రం ఆ సంగతి వినగానే కంచం పక్కకు నెట్టాడు. "జిన్నులు పెంచిన ఆకు నాకొద్దు సామీ. నా పప్పు ఏరే చట్టిలో వండండి." (రెండు చట్లకు రెండింతలు గ్యాస్. దాన్ని కూడా పొదుపులోంచి తీసివేశాను.)

డిసెంబరు 26న వంగి ఆకు కోస్తున్నాం. చప్పుడేదీ కాలేదు, వెలుతురు మాత్రం తగ్గింది. తలెత్తితే గుమ్మంలో తెల్లటి నిలువుటంగీ, చేతికర్ర, కళ్ళార్పని ఒక ఒమానీ ముసలాయన. చాలాసేపు మమ్మల్నే చూశాడు.

"యే హషీష్ హై?"

ఆ ఆకును పరాయివాడి కళ్ళతో నేను చూడడం అదే మొదలు. పొడవాటి వేళ్ళు, రంపపు అంచులు, అచ్చంగా గంజాయి. ఇక్కడ గంజాయంటే జైలు, ఆపైన ఇంటికి పంపేయడం. వీసా కోసం మామ చేసిన అప్పులో ఇంకా లక్షన్నర మిగిలే ఉంది. ముసలాయన జేబులోంచి ఫోన్ తీశాడు. "పోలీస్" అన్న ఒక్క మాటా చాలా నెమ్మదిగా అన్నాడు.

"ఖానేకా, బాబా! ఖట్టా! ఖట్టా!" అంటూ మామ పిడికెడు ఆకు దూసి నోట్లో కుక్కుకున్నాడు. "సూస్కుంట నిలబడ్తవేందిరా? నువ్వు గూడ తిను!"

తిన్నాను. ఖాళీ కడుపున పచ్చి పుంటికూర ఎలా ఉంటుందో వర్ణించను. ఎడమ కన్ను సాయంత్రం దాకా సరిగా తెరుచుకోలేదు. ముసలాయన ఒక ఆకు తెంపి నమిలాడు. ఆయన ముఖమంతా ముక్కు దగ్గరికి వచ్చి చేరింది. ఫోన్ జేబులోకి వెళ్ళింది.

మామ కళ్ళు తుడుచుకుని చేతులు జోడించాడు. "ఇన్ని దినాలు నీళ్ళు పోసింది మీరేనా? శుక్రియా, బాబా."

"పానీ?" ముసలాయన తన హిందీలో, ఆగి ఆగి చెప్పాడు. తాను పుట్టింది ఈ ఇంట్లోనే. తల్లి పోయాక ఈ గడప తొక్కలేదు. ఇవాళ దారిన పోతుంటే లోపల పచ్చగా కనిపించి వచ్చాడు. అంతే.

ఆ తరువాత తడి నేలవైపు చూశాడు. మా వెనక, ఎవరూ లేని మూలకు తిరిగి, తల వంచి సలాం చెప్పి వెళ్ళిపోయాడు.

మేం ఆయనకన్నా ముందు రోడ్డు మీదికి చేరుకున్నాం.

ఇప్పుడు పుంటికూర కట్టకు ఎంత చెబితే అంత ఇస్తున్నాను. భయాన్ని నమిలి మింగిన ఆ కుర్రవాడు ఒక్కోసారి గుర్తొస్తాడు. వెళ్తూ ఆ మూలకు ఒక నమస్కారమైనా పెట్టి ఉండవలసిందని వాడికి చెప్పాలనిపిస్తుంది.

పోయినవి: ఒక బకెట్టు, మామ ఎడమకాలి చెప్పు, చేతికొచ్చిన మడి. మిగిలినవి: రెండు ఉద్యోగాలు, నా పిడికిట్లో పదకొండు ఆకులు. వాటిని ఎవరూ వండలేదు.