తూటా అనుకున్న చప్పుడు

డెబ్బైలలో బాన్సువాడ పక్కన మా చేనులో బావి తవ్వుతుంటే బండ అడ్డం పడింది. తూటాలు పెట్టి పేల్చాల్సి వచ్చింది. ఇల్లు చేను గట్టునే కాబట్టి రాళ్లు ఎగిరి వాకిట్లో పడేవి. అందుకని బాపు మా అందరికీ ఒకటే పాఠం చెప్పాడు: "చప్పుడైతే ఇంట్లకు ఉరకాలె." ఉరకడం బాగానే నేర్చుకున్నాం. నేర్చుకోకపోతేనే బాగుండేది.

ఆ రోజు బావి పని లేదు. బాపు బజారుకు పోయాడు. అవ్వ, అంటే బాపును కన్నతల్లి, వాకిట్లో కూర్చుని చింతగింజలు తీస్తోంది. నేను నీళ్లు మోసుకొస్తున్నాను. ఉన్నట్టుండి కాళ్ల కింద నేల గుర్రుమంది. బిందెలో నీళ్లు తొణికి నా మీద పడ్డాయి.

"తూటా పేలింది, ఇంట్లకు రా పిల్లా," అంటూ అవ్వ లోపలికి పోయింది. తూటాల అదురుకు ఎప్పుడో బీటలిచ్చిన మట్టిగోడ ఆమె మీద పడింది. నేను బిందె దించేలోపే అంతా అయిపోయింది. దవాఖానకు తీసుకుపోయే పని కూడా పడలేదు.

భూకంపమని సాయంత్రం రేడియో చెప్పింది. బంగాళాఖాతం అడుగున ఎక్కడో చాలా లోతున పుట్టిందట. మా ఇంట్లో సముద్రాన్ని చూసినవాళ్లే లేరు. అరవై తొమ్మిదిలో భద్రాచలం దిక్కున భూమి కదిలిందంటే, అది గోదావరి ఒడ్డువాళ్ల కష్టమని అనుకున్నాం. మా కింద ఉన్నది బండ, అది కదలదని మా ధీమా. అంత తాపీగా చెబుతున్న రేడియో మీద నాకు ఒళ్లు మండింది.

బాపు బావిని మళ్లీ ముట్టలేదు. ఇంట్లో పడుకోవడమూ మానేశాడు. వానల్లో కూడా గొంగడి కప్పుకుని పశువుల కొట్టం చూరు కిందే ఒదిగేవాడు. అమ్మ బతిమాలి బతిమాలి విసిగిపోయింది.

ఎనభైలలో డిగ్రీకి భూగోళం చదివాను. లోతున పుట్టిన అదురు చాలా దూరం పాకుతుందని పాఠంలో ఉంది. సెలవులకు వచ్చి, ఇక బాపు బరువు దింపేస్తానని సంబరంగా ఆ కొట్టం దగ్గరికి పోయాను.

"నీ తప్పు ఏం లేదు బాపూ. గా అదురు సముద్రం కిందికెల్లి వచ్చింది," అన్నాను.

బాపు ఓపిగ్గా అంతా విన్నాడు.

"నేను పుట్టినకాంచి మా అవ్వ నా మాట ఎన్నడు ఇనలే బిడ్డా," అన్నాడు. "గా ఒక్కపారే ఇన్నది."