సఫీనాజ్ పాటల్లో ఖాళీ జాగా

సఫీనాజ్‌కు కంటికి కనిపించనివాళ్ళంటే మహా మర్యాద. కనిపించేవాళ్ళంటే అంత లేదు. బాత్రూములో వేడినీళ్ళు పారబోసే ముందు "దస్తూర్!" అంటుంది, అంటే అనుమతి ఇప్పించండి అని. గొట్టాల్లో కాపురముండే జిన్నుల పిల్లలకు కాళ్ళు కాలకూడదు కదా. చీకటి గదిలో అడుగుపెడుతూ దస్తూర్. ఫ్రిజ్ తలుపు తీస్తూ దస్తూర్. అలెగ్జాండ్రియాలో ముసలమ్మలందరూ ఆ మాట అంటారు గానీ, ముక్కుకు పోగు పెట్టుకుని గిటారు వాయించే మనిషి జున్నుముక్క కోసం జిన్నులను బతిమాలడం ఆ మేడలో అంతకుముందు ఎవరూ చూడలేదు. అదే తమ్ముడు వగ్దీ గదిలోకి రావాలంటే మాత్రం తలుపైనా తట్టదు.

"నన్నూ ఒక్కసారి అడిగి రావచ్చు కదా అక్కా?" అని వాపోయేవాడు వగ్దీ.

"నువ్వు కనిపిస్తూనే ఉన్నావుగా. తొక్కేస్తానన్న భయమేముంది?"

అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి పాటలు కట్టి పాడతారు. రాసేది ఆమె, కీబోర్డూ రికార్డింగ్ పనీ అతనివి. స్టూడియో అంటూ వేరే లేదు, వంటగదే. ఆ వంటగది కిటికీ మన్వర్‌లోకి తెరుచుకుంటుంది. అన్ని వాటాల వంటగదులకూ వెలుతురు రావాలని మేడ నడిమధ్యన వదిలిన నిలువు సందు అది. వెలుతురు ఎన్నడూ రాలేదు గానీ చప్పుళ్ళన్నీ వస్తాయి. ఎవరి దగ్గో, ఎవరి గిన్నె చప్పుడో, పైనుంచి వచ్చిందో కిందనుంచి వచ్చిందో తేల్చడం ఎవరి తరమూ కాదు. మిట్టమధ్యాహ్నం కూడా అందులో మసక చీకటే. తల బయటపెట్టి పిలిస్తే మన గొంతే కాస్త ఆలస్యంగా, వేరెవరిదో అన్నట్టు తిరిగి వస్తుంది.

ఇక ఆమె రాసే పాటలు. ప్రతి పాటలోనూ చరణం చివర కొంత ఖాళీ వదిలేస్తుంది. అక్కడ గిటారు మోగకూడదు, కీబోర్డు మోగకూడదు, వగ్దీ ఊపిరి గట్టిగా తీసుకోకూడదు.

"ఎందుకక్కా ఈ ఖాళీ?"

"అది వాళ్ళ జాగా."

"ఎవరి జాగా?"

"గోడకు ఆనుకోకు. వాళ్ళు నిలబడేది అక్కడే."

వగ్దీ గోడ నుంచి ఎగిరి ఇవతల పడేవాడు. ఆ పైన పల్లవులు ఇంకా విడ్డూరం. 'దిండు కాస్త పైకి జరపండి', 'టీలో పంచదార ఎక్కువైంది', 'కిటికీ మూయండి, చలేస్తోంది'. మొదటి ఆల్బమ్ వచ్చినప్పుడు కైరో కుర్రకారు ఆ దిండు పాట విని వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ దిండు అసలు దిండే కాదని ఒకాయన పేజీడు వ్యాసం రాశాడు. సఫీనాజ్ అది చదివి, "దిండు దిండే" అని బీన్స్ ఉడకబెట్టుకోవడానికి వెళ్ళింది.

ఖాళీ జాగాలు రికార్డు చేసే వేళకు ఆమె వగ్దీని ఏదో ఒక పని మీద బయటికి తరిమేది. నిమ్మకాయలు తెమ్మనేది, తెచ్చాక ఇవి కావనేది. తిరిగివచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఆ ఖాళీలో, చాలా లోతున, ఎవరిదో గొంతు వినిపించేది. అక్కది కాదు. ఏళ్ళు మీదపడ్డ గొంతు. పల్లవిలోని మాటనే ఆగి ఆగి పాడేది. వగ్దీకి చెమటలు పట్టేవి. తుడిచేద్దామని చెయ్యి వేస్తే, "దస్తూర్ అడిగావా?" అని సఫీనాజ్ వెనకనుంచి అతని చెవిలో అనేది. పట్టపగలు సొంత వంటగదిలో కుర్చీలోంచి పడిపోయిన మనిషి ఆ ఊళ్ళో వగ్దీ ఒక్కడే అయ్యుంటాడు.

పై వాటాలో అలాంటి గొంతున్నవాళ్ళు ఎవరూ లేరని అతను ఆరా తీశాడు కూడా. అక్కడ ఉండేది ఇక్బాల్ హానిమ్, అంటే ఇక్బాల్ దొరసానిగారు, ఆవిడ కూతురు తహానీ. హానిమ్‌కు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మేడంతా వెళ్ళి పరామర్శించి వచ్చింది, నోట ఒక్క పలుకు లేదు.

మూడో ఆల్బమ్ దగ్గర గొడవ ముదిరింది. ఈసారి వేరే కళాకారులతో కలిసి చేస్తేనే విడుదల చేస్తామని కైరో కంపెనీవాళ్ళు తేల్చి చెప్పారు. వగ్దీకి అది పండగలా తోచింది. ఎన్నాళ్ళని అక్కతోనూ కనిపించనివాళ్ళతోనూ పాడతాడు?

"కుదరదు. ఇల్లు నిండిపోయింది" అంది సఫీనాజ్.

"ఇల్లంతా కలిపి ఇద్దరమే అక్కా!"

"నీ లెక్క నీది."

"అయితే విను. ఈ ఆల్బమ్‌లో నలుగురు పాడకపోతే నేను కైరో వెళ్ళిపోతాను. ఒక్కడినే పాడుకుంటాను. నువ్వూ నీ జిన్నులూ ఊరేగండి."

బీన్స్ మాడిపోతున్నా సఫీనాజ్ చూడలేదు. తల్లి పోయాక వేలు పట్టుకుని తిప్పిన తమ్ముడు అలా అంటాడని ఆమె అనుకోలేదు. అన్నందుకు వగ్దీ కూడా నొచ్చుకున్నాడు, కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

ఆమె చేపల బజారుకు వెళ్ళిన మధ్యాహ్నం చూసి ఇద్దరిని ఇంటికి రప్పించాడు. ఒకడు అకార్డియన్ వాయించే గిర్గిస్. రెండోవాడు రాప్ పాడే హూత్, అంటే తిమింగలం. మనిషీ దానికి తగ్గట్టే ఉంటాడు, తలుపులోంచి పక్కకు తిరిగి రావాలి. అంతలోనే సముద్రం మీదినుంచి నవ్వా దిగింది, ఏటా చలికాలంలో ఆ ఊరి మీద పడే తుఫాను. మన్వర్‌లో గాలి ఊళ వేస్తోంది. వాన గోడల వెంట జారుతోంది.

"ఇదేంటన్నా, ఇక్కడ ఖాళీ పెట్టారు?" అన్నాడు గిర్గిస్, 'కిటికీ మూయండి' పాట విని.

"ఏం లేదులే. నింపెయ్."

గిర్గిస్ చరణం వాయించి ఖాళీలోకి వచ్చి, ఉన్న స్వరాలన్నీ దాంట్లో కుక్కేశాడు. ఫెళ్ళున కరెంటు పోయింది. అకార్డియన్ ఆగింది. ఆ చీకట్లో, మన్వర్ పైనుంచి, ఒక గొంతు.

"కిటి... కిటి... కిటి..."

"ఎవరది?" అన్నాడు హూత్ సన్నగా.

"ఎవరూ లేరు" అన్నాడు వగ్దీ. అది ఓదార్పు అనుకుని అన్నాడు.

"కిటి... కిటి..." గొంతు పైకి లేచి, విరిగి, ఏడుపులోకి జారింది. గిర్గిస్ శిలువ గుర్తు వేసుకున్నాడు. తిమింగలం వంటబల్ల కింద దూరింది. నడుము దాకానే పట్టింది. మిగతా సగం బయట ఉండిపోయి, కాళ్ళతో గోడను తన్నుతూ "దస్తూర్! దస్తూర్ దొరలూ!" అని వణుకుతూంటే బల్ల మీది గిన్నెలన్నీ తాళం వేశాయి. వగ్దీ గోడకు ఆనుకోబోయి, అది వాళ్ళ జాగా అని గుర్తొచ్చి, ఎటూ ఆనుకోలేక గది మధ్యలో నిలబడిపోయాడు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. నిలువెల్లా తడిసి, చేతిలో చేపల సంచితో సఫీనాజ్.

"ఖాళీ నింపింది ఎవర్రా?" అంది.

జవాబు కోసం ఆగలేదు. కిటికీ దగ్గరికి పోయి, తల వానలోకి పెట్టి, ఆ చరణం ఎత్తుకుంది. గాలిని మించి పాడింది. చరణం అయ్యాక ఆగి చెయ్యి పైకెత్తింది. ఎవరూ ఊపిరి తీయలేదు.

"కిటికీ మూయండి, చలేస్తోంది" అని పైనుంచి పాట వచ్చింది. తొణక్కుండా, నిండుగా.

పై వాటాలో ఎవరో పరుగెత్తిన చప్పుడు. "అయ్యో అమ్మా! మంచమంతా తడిసిందే!" అని తహానీ గొంతు. టప్‌మని కిటికీ మూసుకుంది.

సఫీనాజ్ కుర్చీలో కూలబడింది. "ఆవిడకు మాట పోయిందిరా, పాట పోలేదు. ఎవరైనా రాగం ఎత్తిస్తే దాని వెంటే మాట వస్తుంది. అందుకే రోజూ ఇక్కడినుంచి ఎత్తిస్తాను. నీళ్ళడగాలన్నా, దిండు జరపమనాలన్నా, ఆ పాటలే ఆవిడకు నోరు. ఇవాళ నీ అకార్డియన్ వచ్చి ఆవిడ నోరు మూసేసింది."

"నీకెలా తెలిసింది?"

"గిన్నెలు తోముతూ పాడుకుంటున్నా. ఒక ముక్క మరిచిపోయాను. పైనుంచి ఎవరో అందించారు. దస్తూర్ అని పళ్ళెం వదిలేశాను, ఇంకేం చేస్తాను? తర్వాత తహానీ చెప్పింది. ఒకప్పుడు రేడియో బృందంలో వెనక వరుసలో పాడేదట."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ నోట్లో నువ్వుగింజ నానదు. మేడంతా వింత చూడటానికి ఎగబడితే ఆవిడ మళ్ళీ నోరు తెరుస్తుందా?"

"అయితే జిన్నులు లేరా?" బల్ల కింద సగం మనిషి ఆశగా అడిగాడు.

"ఎందుకు లేరు? నువ్వు తన్నింది వాళ్ళ గోడనే. క్షమించమని అడుగు."

హూత్ గోడకు క్షమాపణ చెప్పాడు. వగ్దీ చాలాసేపు కీబోర్డు మీటలే తుడుస్తూ కూర్చున్నాడు. సిగ్గు కమ్మేసింది. చివరికి, "ఆల్బమ్‌లో వేరేవాళ్ళు కూడా కావాలన్నారు కదక్కా. పైకి వెళ్ళి హానిమ్‌ను అడుగుదామా, ఇష్టమేనేమో?" అన్నాడు.

"కైరో?"

"కైరో ఎక్కడికి పోతుంది?"

ఇద్దరూ మెట్లెక్కారు. హానిమ్ పాత ఆల్బమ్ అట్ట మీద వేలు పెట్టి, తన పేరు ఉంటుందా అని కళ్ళతోనే అడిగింది. అందరికంటే ముందు మీ పేరే ఉంటుందంది సఫీనాజ్.

తుఫాను వెలిశాక రికార్డింగ్ పెట్టారు. పైన కిటికీ దగ్గర మంచం మీద హానిమ్, కింద వంటగదిలో నలుగురు. గిర్గిస్ భయపడుతూ భయపడుతూ, ఖాళీ దగ్గరికి రాగానే వేళ్ళు ముడుచుకునేలా వాయించాడు. వగ్దీ చరణం అందుకున్నాడు. ఎప్పుడూ పాడనంత ప్రాణం పెట్టి పాడి, ఆగాడు. మన్వర్ నిశ్శబ్దమైంది. హూత్ గిర్గిస్ చెయ్యి పట్టుకున్నాడు.

పైనుంచి గొంతు దిగింది. పల్లవి రాగమే. కానీ కిటికీ లేదు, చలి లేదు.

"శ్రుతి తప్పావు వగ్దీ, మళ్ళీ పాడు."

సఫీనాజ్ గిటారు వదిలేసి రెండు చేతులతో నోరు మూసుకుంది. "ఇది నేను రాయలేదురా. ఇది ఆవిడదే, సొంతం" అంది, నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియకుండా. పైన తహానీ "అమ్మా!" అని కేక పెట్టింది.

వగ్దీ గొంతు సవరించుకుని, "చిత్తం హానిమ్" అని మళ్ళీ మొదలుపెట్టాడు.