రంగుల షెడ్డు బావి నీళ్లు

మా వీధి చివర మూతబడ్డ రంగుల షెడ్డును మున్సిపాలిటీ వాళ్లు పార్కు చేస్తారని తెలిసిన రోజు అందరూ సంబరపడ్డారు, మా బాపు తప్ప. ఎన్నో ఏళ్లుగా అక్కడ తుమ్మచెట్లు, పందులు, పగిలిన తొట్లు. వాటి మధ్య ఒక బావి. బాపు బాధంతా ఆ బావి గురించే.

"షెడ్డు కూలగొట్టుకోనీ, నాకేంది. బాయిని మాత్రం ముట్టొద్దు," అన్నాడు.

బాపు ఆ షెడ్డులోనే నూలుకు రంగులు అద్దేవాడు. మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకుని ఉండేది. నోట్లోంచి మంచి మాట రావడం మహా అరుదు. అమ్మకు ఇష్టంగా ఒక చీర తెచ్చాడని గానీ, సినిమాకు తీసుకెళ్లాడని గానీ చెప్పుకోవడానికి మా ఇంట్లో ఏమీ లేదు. కానీ రోజూ పని దిగి వచ్చేటప్పుడు ఆ బావి నుంచి ఒక బిందెడు నీళ్లు భుజాన పెట్టుకుని తెచ్చేవాడు. అవి అమ్మ ఒక్కదానికే. పిల్లలం ఆ బిందె జోలికి పోతే వీపు విమానం మోత మోగేది.

అమ్మ పుట్టింటి వైపే కాదు, మా వీధిలో కూడా బోరు నీళ్లన్నీ ఫ్లోరైడే. మా అమ్మమ్మ నడుము వంగిపోయి, నేలను చూస్తూనే బతికి, అట్లాగే పోయింది. అమ్మకు కూడా మోకాళ్లు పట్టేయడం మొదలయ్యాక, బాపు ఆమెను బోరు నీళ్లు తాగనివ్వలేదు. బావి నీళ్లు తియ్యగా ఉండేవి. రంగు నీళ్లు పారబోసే గుంత బావి పక్కనే ఉన్నా ఎవరికీ అనుమానం రాలేదు. పొద్దస్తమానం రంగుల్లో బతికేవాళ్లం కదా, చెడు కలిస్తే రంగు తేలుతుందిలే అనుకున్నాం. నీళ్లేమో అద్దంలా ఉండేవి.

తెలంగాణ వచ్చిన కొత్తలో, మా వీధికి నల్లా నీళ్లు ఇంకా రాకముందే, కిడ్నీలు చెడిపోయి అమ్మ పోయింది. పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరికీ బాపు ఒకటే చెప్పాడు: "కిడ్నీలు మోసం జేసినయ్ గని, నడుము బొక్కలైతే వంగనియ్యలే. దవాఖానకు గూడ నిటారుగ నడుసుకుంటనే వచ్చింది."

భర్తగా ఆయనకు మిగిలిన గొప్ప అదొక్కటే.

అందుకే పార్కు మాట వినగానే నన్ను వెంటబెట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు బయలుదేరాడు. అక్కడి ఇంజనీరు నాకంటే చిన్నది, మర్యాద తెలిసిన పిల్ల.

"బాయికి ఒక గిలక పెట్టుండ్రి బిడ్డా. వచ్చినోళ్లు తాగుతరు," అన్నాడు బాపు.

"నీళ్లు పరీక్ష చేయించి చూస్తాం తాతా," అంది. బాపు గెలిచినట్టే ఇంటికి వచ్చాడు.

కొన్నాళ్లకు ఆ పిల్లే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. రంగుల విషం మట్టిలోకి, మట్టిలోంచి బావిలోకి దిగిందని, మట్టంతా తవ్వి ఎత్తుకుపోవాలని, బావిని పూడ్చక తప్పదని మెల్లగా చెప్పింది. లేవబోతూ అడిగింది, "ఆ నీళ్లు ఇంట్లో ఎవరూ తాగలేదు కదా తాతా?"

"లేదు బిడ్డా," అన్నాడు బాపు.

నేను తల ఎత్తలేదు.

లారీలు మట్టిని తీసుకుపోయాయి. బావి పూడింది. ఇప్పుడక్కడ ఉయ్యాలలు, బెంచీలు, పచ్చగడ్డి. పార్కు బాగుంది, కాదనను. బాపు మాత్రం అటు అడుగు పెట్టలేదు, ఆ ఊసే ఎత్తలేదు. మరిచిపోయాడేమోనని నేను కూడా కొంచెం తేలికపడ్డాను.

ఒకరోజు నేను అన్నం పెడుతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"బోరు నీళ్లే తాపితే ఏమైతుండె? నడుము వంగుతుండె, అంతే గదా. వంగినా గని మనిషైతే ఉంటుండె గద బిడ్డా."