ముందు అడిగినవారికి మాత చీర

గనిలోకి దిగే కార్మికులను పిలిచే కూత ఆగిపోయి ఇరవై యేళ్లు దాటి, ఆ కూతకు మేల్కొన్న ఇళ్ల బిడ్డలు ఇప్పుడు మారికుప్పంలో మొదటి రైలెక్కి బెంగళూరు పనులకు పోతున్న ఈ కాలంలోనూ, కోలారు బంగారు గనుల కూలీల లైన్ ఇళ్ల నడుమ ఉన్న ఒక చిన్న గుడిలో మరియమాత స్వరూపానికి చీర కట్టే సేవ మాత్రం, కుట్టుపనితో బ్రతికే సెలీనమ్మ చేతిలోనే ముప్పై యేళ్లుగా నిలిచి ఉన్నది.

ఏటా సెప్టెంబరు ఎనిమిదిన, మాత జన్మదినాన, ఆమె కొత్త చీర కట్టి, విప్పిన చీరను తన పెట్టెలో భద్రపరచి, అందులోని పాతదానిని ఒక పేదరాలికి ఇచ్చేస్తుంది. నొప్పులు మొదలైన ఇంటివారు అడిగితే ఇస్తుంది. వారు దానిని గర్భిణికి కప్పి ప్రార్థిస్తారు. ఏ మతమని అడగదు. నియమం ఒక్కటే: ముందు అడిగినవారికే ముందు. మహిమ నేతలో లేదనీ, కానా ఊరి పెళ్లింట ద్రాక్షారసం చాలకపోతే ఎవరూ కోరకమునుపే కుమారుడైన యేసుకు విన్నవించిన ఆ తల్లి మనవిలో ఉన్నదనీ సెలీనమ్మ ఎరుగును. అయినా వేదనలో చేతికొక పట్టు కావాలి.

గత ఫిబ్రవరిలో ఒక ఉదయం బైరకూరు రైతు ఇల్లాలు పిల్లమ్మ ఫోను చేసింది. "అక్కా, మా కూతురు మునిలక్ష్మికి నొప్పులొచ్చినాయి. ముళబాగిలు ఆస్పత్రిలో చేర్చినాము. చీరకు వస్తా ఉండాను."

"రామ్మా, ఎత్తిపెడతా."

అరగంటకు అల్లుడు సెల్విన్ ఫోను చేశాడు. "అత్తా, షర్మిలకు నెల ముందే నొప్పులు. రక్తం పోతా ఉండాది. చీర తీసుకొని రాబర్ట్‌సన్‌పేట ఆస్పత్రికి బేగ రాండి."

కూతురు షర్మిలకు ఇంతకుముందు రెండు గర్భాలు నిలువలేదు. ఇది మూడవది.

చీర కుట్టుమిషను మీద ఉన్నది, పక్కనే కత్తెర. సగం చేస్తేనో? సొలొమోను రాజు సభలో, ఇద్దరు తల్లులకు పంచేందుకు బిడ్డను ఖండించమన్నప్పుడు కన్నతల్లి అడ్డుపడిన కథ ఆమె మనసులో మెదిలింది. కత్తెరను సొరుగులో వేసి మూసింది. పిల్లమ్మ జాడ లేదు. మళ్లీ ఫోను మోగింది. చీర ముందే వేరొకరు అడిగారని ఆమె చెప్పగానే సెల్విన్ మండిపడ్డాడు.

"ముప్పై యేండ్లు ఆయమ్మకు చీర కట్టినారే! ఒక్క దినం మనకు పనికిరాదా అత్తా?"

"మాట ఇచ్చినాను నాయనా."

పిల్లమ్మ రొప్పుతూ వచ్చింది. "ఆ బస్సు డ్రైవరు కంటే మా ఎద్దులే మేలక్కా! ఏమి, మొగమట్లుండాది?"

"ఏమీ లేదు. ఆటో నిలబెట్టినాను, పో." చీర ఆమె చేతిలో పెట్టి, తాను ఆస్పత్రికి పరుగెత్తింది.

సెల్విన్ ఆమె ఖాళీ చేతులను చూశాడు. "యాడ చీర?" సెలీనమ్మ మూసిన తలుపు ముందు నేలమీద కూర్చుని జపమాల తీసింది. చాలాసేపటికి నర్సు వచ్చి, తల్లికి గండం గడిచిందనీ, ఆడబిడ్డ మాత్రం గాజుపెట్టెలో ఉన్నదనీ, మూడు దినాలు చూడాలనీ చెప్పింది. సెల్విన్ ముఖం తిప్పుకొన్నాడు. ఆ మూడు దినాలూ అత్తతో మాటాడలేదు.

నాలుగో ఉదయం పిల్లమ్మ, ఇరుగుపొరుగును అడిగి తెలుసుకొని, చీరతో ఆస్పత్రికే వచ్చింది. మునిలక్ష్మికి మగబిడ్డ, ఇద్దరూ క్షేమం. "నీ అల్లుడు ఇప్పుడు చెప్పేదాకా నాకు తెలీదే! ఒక్క మాట చెప్పింటే ఇచ్చేసి పోయుందును గదక్కా!"

"అందుకే చెప్పలేదు."

పిల్లమ్మ కళ్లు తుడుచుకొని, చీర అందిస్తూ నసిగింది. "పురిటి మైల గదా అని ఉతికేసినాను. తప్పా?"

ముప్పై యేళ్లలో మాత చీరను ఎవరూ నీట ముంచలేదు. సెలీనమ్మ ఉలిక్కిపడి, మరుక్షణమే నవ్వేసింది. "ఆయమ్మా బిడ్డను కన్నదే గదా, ఏమీ అనుకోదులే."

అప్పుడే నర్సు తలుపు తీసి, బిడ్డ తనంతట తాను ఊపిరి తీస్తున్నదని చెప్పింది. సెల్విన్ లేచి వచ్చి, ఆ తడి ఆరని చీరను అత్త చేతిలోంచి అందుకొని, తానే షర్మిలకు కప్పాడు. బిడ్డకు అర్పిత అని పేరు పెట్టారు.

ఇచ్చిన మాటను కడుపుతీపి కంటే పైన నిలిపిన ఆ తల్లి చేతి సూది చిరకాలం ఆడుగాక; ఆ ఇంటి దీపం నిండుగా వెలుగుగాక; అర్పిత నూరేళ్లు చల్లగా బ్రతుకుగాక!