ఎండాకాలపు ఆపరేషన్లు

మా ఊళ్లో మిరపకాయలు కళ్లం నుంచి మార్కెట్ యార్డుకు వెళ్లిపోగానే ఆడవాళ్లు గర్భసంచులు తీయించుకోవడానికి బయల్దేరతారు. చేలో పని లేక, నాలుగు రోజులు మంచం మీద పడుకోవడానికి తీరిక దొరికేది అప్పుడే. నడుం నొప్పయినా, తెల్లబట్టయినా, ఊరికే చిరాకుగా ఉన్నా వైద్యం ఒకటే. ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా ఆ సంచిని మోసుకు తిరుగుతోందంటే ఆ మనిషిని ఇంట్లో ఎవరూ పట్టించుకోవడం లేదని లెక్క.

మా అత్తగారు ముప్పై దాటగానే ఆ ముచ్చట తీర్చేసుకున్నారు. అప్పటినుంచి ఆడరోగాలన్నీ ఆవిడ దృష్టిలో పక్కింటివాళ్ల గొడవలు.

అలాంటి ఇంట్లో నేను, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా మా అమ్మాయికి టీకా వేయిస్తానన్నాను.

"పెళ్లికాని పిల్లకి ఆ సూదేంది? నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు?" అని లేచారు అత్తగారు.

నలుగురికీ తెలియకూడదట! పోయినేడాది ఇదే పిల్ల పెద్దమనిషి అయినప్పుడు సెంటర్లో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించి, మైకు పెట్టించి, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ భోజనాలు పెట్టించింది ఈవిడే. పిల్ల ఒంటి సంగతి ఒంగోలు బస్సులో పోయేవాళ్లకు కూడా చాటిన మనిషికి, జబ్బకు వేసే టీకా దగ్గర పరువు గుర్తొచ్చింది. ఇక మా ఆయన. మందు పట్టించనిదే విత్తనం వేయరు. పురుగు జాడ లేకపోయినా చేనుకు ముందే మందు కొట్టిస్తారు. కూతురి దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఫోన్లో మిర్చి రేటు చూసుకుంటూ, "రోగమొస్తే అప్పుడు చూద్దాంలే" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

పిల్లను తీసుకుని టౌన్లో, బ్రాడీపేటలో ఉన్న ఒక డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరాను. టీకా ఎలా వేస్తారో చూస్తానంటూ అత్తగారూ ఆటో ఎక్కారు.

డాక్టరమ్మ ఆవిడ వాదనంతా ఓపిగ్గా విని, "మీరెప్పుడైనా ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నారా పెద్దమ్మా?" అని అడిగింది.

"సంచే లేనిదాన్ని, నాకు ఏడకొచ్చిద్దమ్మా?" అని నవ్వారు అత్తగారు, పరీక్ష రాయకుండానే పాసైనట్టు.

"మొత్తం తీశారా, మూతి ఉంచారా?"

"ఏం తీశారో నాకు చూపిచ్చారా ఏంది!"

తెర చాటుకు తీసుకెళ్లి చూసి వచ్చి, డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. సంచి తీశారు గానీ దాని మూతిని అలాగే వదిలేశారు. ఈ క్యాన్సర్ వచ్చేది సరిగ్గా అక్కడే. చిన్న బ్రష్‌తో అక్కడ తుడిచి పరీక్షకు పంపింది. ఆ కంగారులో అత్తగారు టీకాను ఆపే పని మర్చిపోయారు. మా అమ్మాయి హాయిగా సూది వేయించుకుంది. టీకా పడిందని పెద్దయ్యాక పరీక్షలు మానకూడదని డాక్టరమ్మ దానికి కూడా గట్టిగా చెప్పి పంపింది.

కొన్ని రోజులకు అత్తగార్ని తీసుకుని మళ్లీ వెళ్తే, ఆవిడ ఫలితం మంచిగా రాలేదు. క్యాన్సర్ ఇంకా కాలేదనీ, ఇలాగే వదిలేస్తే అయ్యేదనీ, పాడైన మేరకు తీసేస్తే సరిపోతుందనీ డాక్టరమ్మ చెప్పింది.

"అంత కోసినోడు, కోయాల్సింది వదిలేశాడేందమ్మా?" అని తిరుగు ప్రయాణంలో అత్తగారు ఏడ్చేశారు.

ఆవిడతో నాకు పడని విషయాలు చాలా ఉన్నాయి. కానీ ఆ పూట ఆవిడ ఎక్కడ పోతారోనని నాకు నిజంగా భయమేసింది. ఇంటికి చేరేదాకా ఆవిడ చెయ్యి వదల్లేదు.

వైద్యం అయింది. ఆవిడ కోలుకున్నారు. మళ్లీ కాయలు కళ్లానికి వచ్చాయి. ఎర్రకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లలో ఒకామె, ఈ ఎండాకాలం తనూ ఆపరేషన్ చేయించుకుంటానంది. ఆ మాట వినగానే, టీకా పేరెత్తితే పరువు పోతుందన్న మా అత్తగారు కళ్లమంతా వినపడేట్టు అరిచారు.

"ఏవమ్మే, సంచులు తీపిచ్చుకున్నోళ్లు చెప్పండి. మీకు మూతి తీశారా, ఉంచారా?"

ఏరుతున్న చేతులు ఆగిపోయాయి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్కరికీ తెలియదు.