పాత గిరాకీ మంత్రయి వచ్చిన రోజు

పోచంపల్లికి నేను వెళ్లింది మగ్గాలు చూడ్డానికి కాదు, మాటలు అందించడానికి. అరవైల్లో ఒక చలికాలం. తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన ఒమారి గారికి తెలుగు, ఇంగ్లీషు తెలిసిన తోడు కావాలంటే, హైదరాబాదులో బట్టల వ్యాపారం చేసే మా మేనమామ నన్ను పంపాడు. ఒమారి గారు ఒకప్పుడు వాళ్ల రేవుపట్నంలో బట్టల వర్తకులు. తలకు చుట్టుకునే పోచంపల్లి రుమాళ్లు ఓడల్లో తెప్పించుకుని అమ్మేవారు. వాళ్ల దేశానికి స్వతంత్రం వచ్చాక దుకాణం తమ్ముడికి అప్పగించి ఎన్నికల్లో నిలబడ్డారు, గెలిచారు. ఇప్పుడు వాణిజ్య మంత్రి.

పొద్దున్నే టాక్సీ మాట్లాడుకున్నాం. విజయవాడ రోడ్డు మీద కొంత దూరం పోయి ఎడమకు తిరిగితే అక్కడి నుంచి మట్టిబాట. చేరేసరికి రెండు గంటలు పట్టింది. "సారు మంత్రి అంటున్రు, మరి పోలీసు జీపేది?" అన్నాడు డ్రైవరు. నేను ఆ మాట చెబితే ఒమారి గారు, "ఇది నా సొంత పని," అన్నారు.

నేతగాడు నర్సయ్య ఎదురొచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. వర్తకుడిగా ఉన్నప్పుడు ఆయన ఆ ఇంటికి రెండుసార్లు వచ్చారట. నర్సయ్య భార్య లచ్చమ్మ జొన్నరొట్టెలు, కోడికూర పెట్టింది. తిన్నాక ఒమారి గారు చెయ్యి కడుక్కుని, ఇంగ్లీషులో నెమ్మదిగా అన్నారు: "వచ్చే ఏడు నుంచి మా దేశంలోకి బయటి బట్ట రాదు. ఆ ఉత్తర్వు ఇచ్చింది నేనే."

ఆ మాటలే తెలుగులో నా నోటితో అనాలి. అన్నాను.

"జర మల్ల చెప్పు సారూ. నువ్వే తప్పు ఇన్నవేమో," అన్నాడు నర్సయ్య.

మళ్లీ చెప్పాను. "మేం నేసే రుమాళ్లన్ని ఆడికే పోతయి గద సారూ," అన్నాడు.

"మా దగ్గర కొత్తగా మిల్లు పెట్టాం, మా పిల్లలకూ పని కావాలి," అన్నారు ఒమారి గారు. "కబురు పంపి ఊరుకోవచ్చు. కానీ మీ ఇంట్లో తిన్నవాణ్ని, ఎదురుగా చెప్పాలనిపించింది."

నేనది తెలుగులో చెప్పగానే లచ్చమ్మ, "తిన్నోడు గిట్ల జేస్తడా?" అంది. ఆ మాట నేను ఇంగ్లీషులోకి మార్చలేదు. ఆయన తల వంచుకున్న తీరు చూస్తే అక్కర లేదనిపించింది.

రెండేళ్లకు ఆయన దేశంలో సైన్యం గద్దె ఎక్కింది. ఒమారి గారిని జైల్లో పెట్టారని పేపర్లో చదివి పోచంపల్లి వెళ్లాను. ఇంట్లో అప్పటికే రుమాళ్లు మాని చీరలు నేస్తున్నారు. సంగతి వినగానే లచ్చమ్మ చేస్తున్న పని ఆపేసింది. "కోపమైతే ఉండె సారూ," అంది. "ఆయన పెండ్లాం పిల్లలు ఏడున్నరో?"

సొంతవాళ్లకు మేలు చేయబోయి ఒక మంచి మనిషి ఇంకో ఇంటి పొయ్యి ఆర్పగలడని నాకు అంతవరకు తెలియదు. ఎవరిది తప్పో ఈనాటికీ తేల్చుకోలేకపోయాను.

మీరు పోచంపల్లి వెళ్లేటట్టయితే వానాకాలం మానుకోండి. నేల తవ్వి పెట్టిన గుంటమగ్గాల్లో నీళ్లు చేరి నేత ఆగిపోతుంది.